గొప్పలు చెప్పుకోవడం నేర్చుకుంటున్నాను

1983 ఫిబ్రవరి 22, మంగళవారం

మా రమ గురించి స్కూల్లో మీటింగు అయింది. గంటంబావు. కిండర్‌గార్టెన్ గదిలోనే, పిల్లల కుర్చీల్లో — మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఈయన టై కట్టుకుని మరీ వచ్చి ఒక ఎర్ర కుర్చీలో ఇరుక్కున్నారు. ఎదురుగా మిస్టర్ కోల్, స్కూలు సైకాలజిస్టు. పక్కన మిస్ ఆన్, మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పే టీచరు. పాతికేళ్ళు కూడా ఉండవు.

"రమ ఇంట్లో ఏమేం బాగా చేస్తుంది?" అన్నాడు కోల్.

ఈయన నా వంక చూశారు. నేను ఈయన వంక చూశాను.

"ప్రత్యేకంగా ఏం లేదు. అందరి పిల్లల్లాగే..." — ఈయన.

"చదవడం?"

"అబ్బే, ఏదో... పుస్తకాలు తిరగేస్తూ ఉంటుంది."

ఆ ముక్క అన్నది నేను. నేనే! కోల్ తల ఊపి రాసుకున్నాడు.

ఇంటికొచ్చి తలుపు తీస్తే — హాల్లో బోర్లా పడుకుని ఎన్‌సైక్లోపీడియాలో ‘ఎమ్’ సంపుటం. మెర్క్యురీ గ్రహం గురించి పైకి చదువుతోంది, గుక్క తిప్పుకోకుండా. పక్కన అత్తయ్య, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊఁ కొడుతూ.

ఐదున్నరేళ్ళు దీనికి. చదువుతుందే గానీ మనతో మాట్లాడదు. నా తల ఎక్కడ పెట్టుకోను?

ఫిబ్రవరి 23

పొద్దుట్నించి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎందుకన్నానంటే — అలవాటు. మనవాళ్ళెవరైనా "మీ అమ్మాయి భలే చురుకండీ" అంటే "అబ్బే, ఏం చురుకు లెండి, మొద్దు" అంటాం. అది మన మర్యాద. అవతలివాళ్ళు "అయ్యో, అలా అనకండి, బంగారుతల్లి" అంటారు. అది వాళ్ళ మర్యాద. పాపం అమెరికావాడు, కోల్‌కి ఆ రెండో సగం తెలీదు. మొదటి సగం రాసుకుని ఊరుకున్నాడు.

మార్చి 1

చుట్టాలొస్తే రమకి రాసే చీటీలన్నీ డ్రాయర్‌లో దాచేస్తాను. ఇవాళా దాచాను. సరోజినీ వాళ్ళు భోజనానికి వచ్చారు.

నోటితో "రమా, చెప్పులు వేసుకోవే" అని పదిసార్లు అరిచినా దానికి వినపడనట్టే ఉంటుంది. కాగితం మీద రాసి చూపిస్తే మరుక్షణం వేసుకుంటుంది. ‘పాలా, పెరుగా?’ అని రాస్తే పెరుగు చుట్టూ సున్నా చుడుతుంది. ఫ్రిజ్ నిండా నా చీటీలే. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వరూ? కన్నపిల్లతో ఉత్తరాలేమిటి, అదీ ఒకే ఇంట్లో!

చీటీల మీద అన్నిటికీ జవాబిస్తుంది. తనంతట తాను మాత్రం ఏదీ అడగదు. ఇంతవరకు ఒక్క ప్రశ్న లేదు. ఈ వయసు పిల్లలు ‘ఎందుకు, ఎందుకు’ అని ప్రాణం తోడేస్తారట. సరోజిని చెప్పుకుని విసుక్కుంది, తన కొడుకు గురించి. తోడితే బాగుండును.

మార్చి 9, బుధవారం

కాగితాలు వచ్చాయి. ఆరు పేజీలు. ‘తల్లిదండ్రులు చెప్పిన ప్రకారం, పుస్తకాల్లో బొమ్మలు చూస్తుంది. చదువుకు సంబంధించిన నైపుణ్యాలు లేవు.’ నా మాటే, సూటూ బూటూ వేసుకుని ఇంటికి తిరిగొచ్చింది.

సెప్టెంబరు నుంచి ఇంకో స్కూలట. బస్సులో నలభై నిమిషాలు. అక్కడ బొత్తాలు పెట్టుకోవడం, చెంచాలు సర్దడం నేర్పుతారట. అక్షరాలు నేర్పరు — ఆ పిల్లలకి అనవసరమట. ఇంట్లో మేం తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలట.

ఈయన అత్తయ్యకి తెలుగులో చెబుతుంటే ఆవిడ కందిపప్పు ఏరడం ఆపింది.

"అయితే నన్నేం చెయ్యమంటాడ్రా వాడు? గోడకేసి మాట్లాడుకోమంటాడా?"

చివరి పేజీలో సంతకానికి గీత. పెట్టలేదు. కలం చేతిలో ఉంది కూడా.

మార్చి 10

అత్తయ్య తేల్చేసింది, ఇది దిష్టేనని. పొద్దున్నే రమని కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి, వద్దంటున్నా వినకుండా స్టవ్ మీద వేసింది. కరెంటు స్టవ్ — చుట్ట ఎర్రగా కాలి ఉంది. ఇంకేముంది, పొగ. సీలింగుకున్న అలారం గయ్యిమంది. రమ చెవులు మూసుకుని సోఫా వెనక్కి పరుగు. నేను కుర్చీ ఎక్కి చీరకొంగుతో విసురుతున్నాను. పక్కింటి డోరతీ స్లిప్పర్లతోనే మంచులో పరిగెత్తుకొచ్చింది, చేతిలో మంటలార్పే ఎర్ర సిలిండరు!

"పొగే తప్ప ఘాటు రాలేదు చూశావా? ఎంత దిష్టి తగిలిందో!" — అత్తయ్య, దగ్గుతూనే.

అలారం ఆగాక రమ బయటికొచ్చి, నేనెక్కిన కుర్చీ తనెక్కి, అలారం మూత మీద రాసి ఉన్నది చదవడం మొదలెట్టింది. బ్యాటరీ ఎన్ని వోల్టులు, ఎన్నాళ్ళకొకసారి మార్చాలి, ఎక్కడ తగిలించకూడదు... మొత్తం.

డోరతీ సిలిండరు కింద పెట్టేసింది. "ఈ పిల్ల చదువుతోందే!"

"అబ్బే, ఏదో కొంచెం..." అన్నాను.

మళ్ళీ!!

మార్చి 12, శనివారం

డోరతీకి ఆరు పేజీలూ చూపించాను. పాతికేళ్ళు ఏదో స్కూలు ఆఫీసులో టైపు కొట్టి రిటైరయింది. కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చుకుని చదివి, "సంతకం పెట్టకు" అంది. ఒప్పుకోకపోతే మళ్ళీ మీటింగు అడిగే హక్కు మాకు ఉందట, చట్టంలోనే ఉందట.

తర్వాత నా కళ్ళలోకి చూసి — "సుశీలా, వాళ్ళకి ఇలా ఎందుకు చెప్పావు?"

మర్యాద, దిష్టి, అన్నీ వివరించాను. అంతా విని, "ఇక్కడ నువ్వు చెప్పిందే రాసుకుంటారు. చెప్పకపోతే లేనట్టే" అంది.

ఉత్తరం తనే టైపు కొట్టింది. మే 10న మళ్ళీ మీటింగు. అప్పటిలోగా నాకు గొప్పలు చెప్పుకోవడం నేర్పుతుందట.

మార్చి 19

పాఠం ఒకటి. వంటింటి బల్ల దగ్గర డోరతీయే మిస్టర్ కోల్. చేతిలో గరిటె.

"మీ అమ్మాయి ఏం చేయగలదు?"

"కొంచెం చదువుతుంది."

గరిటెతో బల్ల మీద టక్. "మళ్ళీ."

"బాగానే చదువుతుందనుకుంటాను."

టక్.

"చదువుతుంది. కానీ..."

టక్ టక్ టక్.

నవ్వి నవ్వి ఇద్దరికీ కడుపు నొప్పి. ఈయన వంతు వచ్చేసరికి "షీ ఈజ్ ఓకే" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఈయన్ని డోరతీ మొదటి పాఠంలోనే ఫెయిల్ చేసింది.

ఏప్రిల్ 3

ఈయనకి దారి దొరికింది. ఆఫీసులో కార్ల బ్రేకులు పరీక్షించి రిపోర్టు రాస్తారు కదా — రమకీ అలాంటిదే. గళ్ళ కాగితం మీద తేదీ, ఏం చదివింది, ఎన్ని పేజీలు, ఏ లెక్క, ఎన్ని నిమిషాలు. "నోటితో చెబితే గొప్ప. రాస్తే రికార్డు" అంటారు. పోనీలే, ఏదో ఒకటి.

భాగహారం, మూడంకెలది, నాలుగు నిమిషాలు. ఒక తప్పు. ఆ తప్పు కూడా రాశారు మహానుభావుడు.

ఏప్రిల్ 17

మంచు మీద జారే స్లెడ్ ఇక బేస్‌మెంట్‌లోకి. రమ డ్రైవ్‌వే మీద సుద్దతో ఎక్కాలు రాసింది, పదమూడో ఎక్కం మెయిల్‌బాక్స్ దాకా వచ్చింది. పోస్ట్‌మాన్ తొక్కకుండా పక్కనుంచి నడిచాడు. మంచివాడు.

మే 1, ఆదివారం

రిపోర్టు కనపడటం లేదు. ఇరవైరెండు పేజీలు! ఇల్లంతా వెతికాం, కారు డిక్కీ కూడా. ఈయన ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం బియ్యం కడుగుదామని డబ్బాలో చెయ్యి పెడితే అడుగున చేతికి తగిలింది. చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది.

నాకు కోపం నషాళానికి అంటింది. ఆరు నెలలుందామని వచ్చి మా కొంప ముంచుతారా అనేశాను. అనకూడదు, అనేశాను.

మే 2

అత్తయ్య నిన్నంతా అన్నం తినలేదు. ఇవాళ నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. ఈయనకంటే ముందు ఒక ఆడపిల్లట. ఈ సంగతి ఈయన నాకెప్పుడూ చెప్పలేదు. తొమ్మిదో నెలకే మాటలు, రెండేళ్ళకి పద్యాలు. వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ పాడించేదట అత్తయ్య. మూడో ఏడు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది.

"నా నోటితో నేనే పొగిడి పోగొట్టుకున్నానే అమ్మాయ్."

"మీ వల్ల కాదు అత్తయ్యా, జ్వరం వల్ల" అన్నాను. ఎన్నేళ్ళ నమ్మకం, నా ఒక్క మాటకి పోతుందా. ఇద్దరం ఏడ్చాం. రమ వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుని సెరియల్ డబ్బా వెనక ఉన్నదంతా చదివి వినిపించింది.

మే 9, సోమవారం

రేపే. ఇస్త్రీ చేస్తుంటే అత్తయ్య వచ్చి నిలబడింది. ఈయన సొరుగులో పెట్టుకున్న రిపోర్టు తనే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇన్నాళ్ళూ దాచాం కదా. దాచితే మాటలేమైనా వచ్చాయా? చెంచాలు సర్దే బడికి పంపుతామంటున్నారు. నువ్వెళ్ళి అన్నీ చెప్పెయ్. ఒక్కటి కూడా మిగల్చకు. ఇంటికొచ్చాక దిష్టి సంగతి నేను చూసుకుంటాను."

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి — "ఆ గయ్యిమనే దాన్ని మటుకు ముందే పీకించి పెట్టు."

మే 10, మంగళవారం

అమ్మయ్య.

అవే కుర్చీలు. కోల్ అదే ప్రశ్న. డోరతీ గరిటె చెవిలో మోగింది. "మా అమ్మాయి చాలా తెలివైనది" అన్నాను. మొదటి వాక్యం నేల వంక చూస్తూ అన్నాను. రెండోది కాస్త నయం. ఆ తర్వాత ఇక ఆగితేనా! ఎన్‌సైక్లోపీడియా, భాగహారాలు, రోడ్ మ్యాపు చూసి వాళ్ళ నాన్నకి దారి చూపించడం, తెలుగు కూడా చదవడం — కూడబలుక్కుంటుంది లెండి, అని మళ్ళీ జారబోయి నాలుక కరుచుకున్నాను. ఈయన బల్ల కింద కాలు తొక్కారు. ఆగలేదు. తర్వాత ఈయన రిపోర్టు.

కోల్ మర్యాదగానే విన్నాడు. "చాలామంది తల్లులకి..." అని మొదలెట్టాడు, ముగించలేదు. రమని పిలిపించారు. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. మా తల్లి చెవులు మూసుకుని నేరుగా బల్ల కిందికి.

"రమా, బంతి ఎక్కడుంది?" — కోల్, వంగి. "రమా, నీ పేరేమిటి?" అది చెవుల మీంచి చేతులు తియ్యదే! ఈయన రిపోర్టు మూసేశారు.

ఇక దాచి లాభం లేదు. "నోటితో అడగకండి. రాసి అడగండి. మా ఇంట్లో నేను చీటీలు రాస్తాను" అన్నాను. ముఖం వేడెక్కిపోయింది సిగ్గుతో. మిస్ ఆన్ మాత్రం సిగ్గుపడాల్సిందేమీ లేనట్టు పసుపుపచ్చ కాగితం చింపి, రాసి, కిందికి తోసింది. ఏడెనిమిదులు ఎంత? కాగితం తిరిగొచ్చింది — 56. బంతి ఎక్కడుంది? తిరిగొచ్చింది — కుర్చీ కింద, బ్రౌన్ బూటు పక్కన.

ఆ బ్రౌన్ బూటు కోల్‌ది. ఆయన లేచాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, టై నేల మీద పడుతుంటే తనే ఒక చీటీ రాశాడు. నేనెవరు?

జవాబు, ఆయన గది తలుపు మీది బోర్డులో ఉన్నట్టే — ‘మిస్టర్ కోల్. సైకాలజిస్ట్. గది 11. దయచేసి తలుపు తట్టండి.’

మిస్ ఆన్ పగలబడి నవ్వింది. కోల్ కూడా. నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు.

కానీ చివర్లో ఆయన అన్నమాట... "అడిగితే జవాబిస్తుంది, ఒప్పుకుంటాను. ఫస్ట్ గ్రేడ్ క్లాసులో ముప్ఫైమంది పిల్లలు. బాత్రూముకి వెళ్ళాలన్నా, దారి తప్పినా, తనంతట తాను అడగాలి కదా. అడుగుతుందా?"

అన్ని గొప్పలు చెప్పిన నోటితోనే "లేదు" అన్నాను. నిజమే కదా.

మళ్ళీ కూర్చుని ఆలోచించి, ఉత్తరం రాస్తారట.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఉప్పూ మిరపకాయలతో తయారు. ఈసారి స్టవ్ వద్దని, పెరట్లో డోరతీ బార్బెక్యూ పొయ్యి మీద. డోరతీ తనకి కూడా తియ్యమని వరసలో నిలబడింది. తీసింది అత్తయ్య. చివరికి ఈయనకి కూడా.

మే 25

ఉత్తరం లేదు.

జూన్ 2

లేదు. మిస్ ఆన్ కనపడి "ఇంట్లో తెలుగు మానకండి, నేను వాళ్ళతో మాట్లాడతాను" అంది గుసగుసగా. అత్తయ్యకి చెబితే "ఆ పిల్లకి పెళ్ళయిందా?" అని అడిగింది.

జూన్ 14, మంగళవారం

మెయిల్‌బాక్స్ దగ్గరికి రమే ముందు వెళుతుంది రోజూ. కవర్ల మీది అడ్రసులు చదవాలి దానికి. ఇవాళ ఒక కవరు చింపేసింది. నేను చూసేలోపే డ్రైవ్‌వే మధ్యలో నిలబడి చదవడం మొదలెట్టింది, మెర్క్యురీ గ్రహం చదివినట్టే, ఆ ఒకే గొంతుతో. ‘ప్రియమైన మిస్టర్ అండ్ మిసెస్ రావు. మీ కుమార్తె రమ విషయమై...’

లాక్కోబోయి ఆగిపోయాను. అక్కడే గడ్డి మీద కూలబడ్డాను. నా కూతురి తీర్పు నా కూతురే చదివి వినిపిస్తోంది.

సెప్టెంబరు నుంచి మామూలు ఫస్ట్ గ్రేడ్! మన వీధి చివరి స్కూల్లో చోటు లేదట, ఇంకో స్కూలు, బస్సులో పది నిమిషాలే. రోజూ గంటసేపు మిస్ ఆన్. టీచరు రాసి అడగాలి. ఇదంతా జనవరి దాకా ప్రయోగం. ‘ఆలోపు తన అవసరాలు తానే అడగడం మొదలుపెట్టని పక్షంలో’ — ఆ తర్వాతది ఆ చెంచాల బడి పేరు. అదీ అదే గొంతుతో చదివింది. సంతకాలు, కాపీ ఎవరెవరికో, అన్నీ చదివి, మడిచి, నా ఒళ్ళో పెట్టి లోపలికెళ్ళిపోయింది.

ఏం అర్థమైంది దానికి? అర్థమైతే ఏమనుకుంది?

ఈయనకి ఫోన్ చేశాను. "జనవరి చాలు మనకి" అన్నారు. సంతోషమే లెండి.

జూన్ 15

డోరతీ కేక్ చేసింది. రమ ముక్క తిని, డబ్బా మీద కొలతలు చదివింది. సంతకం పెట్టి పోస్టు చేశాం.

జూన్ 18, శనివారం

ఫ్రిజ్ మీద కొత్త చీటీ ఉంది. నా రాత కాదు.

గుమ్మడికాయ పులుసు కలుపుతున్నాను. పెరుగు తీద్దామని ఇటు తిరిగితే, నా చీటీలన్నిటికీ కింద, దాని చెయ్యి అందేంత ఎత్తులో, అయస్కాంతం కింద. పెన్సిలు రాత, ఇంగ్లీషులో. ‘నా బస్సు నంబరు ఎంత?’ చివర ప్రశ్న గుర్తు, రెండుసార్లు దిద్ది, లావుగా.

అత్తయ్యా అని అరిచాను. గరిటె ఎక్కడ పడేశానో తెలీదు. ఈయన గడ్డి కోస్తున్నవారు మెషిన్ ఆపకుండానే వచ్చేశారు. ముగ్గురం ఫ్రిజ్ ముందు నిలబడ్డాం. ఈయన పరుగెత్తుకెళ్ళి రిపోర్టు తెచ్చి, కొత్త గడి గీసి ‘ప్రశ్నలు — 1’ అని రాశారు. అత్తయ్య మాట్లాడకుండా మిరపకాయల డబ్బా కోసం వెళ్ళింది.

కింద రాశాను — ‘ఇంకా తెలీదమ్మా.’

పులుసు దింపి వచ్చేసరికి దాని కింద మరో లైను. ‘ఎప్పుడు తెలుస్తుంది?’

మళ్ళీ పెన్సిలు అందుకున్నాను. స్కూలు ఆఫీసు సోమవారం దాకా తియ్యరు. బస్సుల సంగతి ఆగస్టు చివర్లో గానీ చెప్పరని డోరతీ అంటోంది, మారినా మారతాయట. ఖాయంగా చెప్పకపోతే ఇది ఒప్పుకోదు. ఫ్రిజ్ దగ్గరే నిలబడి ఉంది, ఒంటికాలి మీద, చీటీ వంక చూస్తూ... కదలడం లేదు.